వాదర ఎటు తిరిగి ఉంది

త్సురు అవ్వ ఆ మాట ఎత్తాల్సిన చోటు అది కాదు. ఇంటికి వెళ్లి, ఒక సారా సీసా ముందు పెట్టి, వాన గురించీ చేపల గురించీ కాసేపు మాట్లాడి, అప్పుడు మెల్లగా దించాల్సిన మాట. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం వంటశాలలో నలభైమంది మానుకొట్టేవాళ్లు బల్లల ముందు కూర్చుని ఉండగా, గరిటె పట్టుకున్న చేత్తోనే ఇవాకిచి ముందు నిలబడి అడిగేసింది. దుంగల ట్రాలీ మీద బ్రేకు పనిచేసే యోషినారి నీ కూతుర్ని చేసుకుంటానంటున్నాడు, నన్ను అడగమన్నాడు, కుర్రాడు బుద్ధిమంతుడు, ఏమంటావని.

ఇవాకిచి ఆ కొండమీద మానుకొట్టేవాళ్లందరికీ పెద్ద. ఎండుచేప ముల్లు తీసుకుంటున్నవాడు తలెత్తలేదు.

"బ్రేకు మీద కూర్చునేవాడు ఎక్కడ పడితే అక్కడ దిగిపోతాడక్కా. ఏ గాలికి కొట్టుకొచ్చిందో తెలీని కట్టెకి నా పిల్లని కట్టమంటావా?"

నలభైమందీ నవ్వారు. ఒకడు బల్ల చరిచాడు కూడా. యోషినారి అక్కడే, గిన్నె పట్టుకుని వరసలో మూడోవాడుగా నిలబడి ఉన్నాడు. వరస ఈ చివర అందరికీ మిసో చారు పోస్తున్నది ఇవాకిచి కూతురు కినుయె. నవ్వు ఆగాక అందరి కళ్లూ ఆ పిల్ల చేతిమీద పడ్డాయి. అందరికీ పోసినట్టే అతని గిన్నె నిండా పోసింది. అతను చాలన్నాడు. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి.

కాదనే హక్కు తండ్రికి ఉంది, అది కినుయె ఒప్పుకుంటుంది. యోషినారిలా దక్షిణాన అమామి దీవుల నుంచి వచ్చినవాళ్లంటే మా యాకు దీవి కొండమీద చిన్నచూపని కూడా ఆమెకి తెలుసు. దుంగల ట్రాలీకి ఇంజను ఉండదు. వాలులో దానంతటదే పరిగెడుతుంటే, దుంగమీద కూర్చున్నవాడు బ్రేకు కర్ర పట్టుకుని రేవు దాకా పదకొండు కిలోమీటర్లు దించాలి. వానలో పట్టాలు జారేటప్పుడు అందరికంటే ప్రమాదం చివరి ట్రాలీకి. మూడేళ్లుగా చివరి ట్రాలీ యోషినారిదే. అదంతా ఎలాగో సహించవచ్చు. నలభైమంది చేత నవ్వించినందుకు మాత్రం తండ్రిని క్షమించలేననుకుంది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ మూడుసార్లు అదే అనుకుంది.

మర్నాడు పదమూడో తారీకు. పొద్దుటినుంచీ వాన. మధ్యాహ్నం పని ఆపేస్తే, పుల్లలకని చెప్పి కినుయె తొర్ర దేవదారు దగ్గరికి వెళ్లింది. దాని వయసు ఎవరికీ తెలియదు. పూర్వం రాజుగారి పన్నుకి చెక్కపెంకులు కొట్టిన రోజుల్లో ఎవరో దాన్ని గొడ్డలితో చెక్కి చూసి, లోపల డొల్ల అని తెలిసి వదిలేశారు. పనికిరానిది కాబట్టి బతికింది. ఆ గాటు మీద బెరడు రెండు పెదాల్లా ముడుచుకుపోయింది. తొర్రలో పదిమంది కూర్చోవచ్చు. యోషినారి ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు.

అతను సిగరెట్టు పెట్టె చింపి, లోపలి తెల్లటి వైపు ఇద్దరూ పారిపోయే దారంతా గీసుకొచ్చాడు. పదహారో తారీకు కొండదేవుడి రోజు. ఆ రోజు అడవిలో ఎవడూ కాలు పెట్టడు, ట్రాలీలు కదలవు, పది గంటలకల్లా మగవాళ్లంతా గుడి దగ్గర చిలగడదుంప సారాలో మునిగి ఉంటారు. ఆమె ఏడింటికి ఇనప వంతెన దగ్గరికి వస్తే చాలు. పట్టాల వెంబడి నడిచి రేవుకి, రెండింటికి కగోషిమా పడవ, అక్కడినుంచి ఒసాకా రైలు. ఒసాకాలో ఇనుము పోతపోసే కార్ఖానాలో అతని పినతండ్రి కొడుకు మాట్లాడి పెట్టాడు. ఇరవయ్యో తారీకున చేరకపోతే ఆ చోటు ఇంకొకడిది. అందుకని ఇంకో పడవ గురించి ఆలోచించడానికి లేదు.

"నీ కాలు ఇలా పెట్టు," అన్నాడు.

ఎందుకో అర్థంకాక పెట్టింది. ఒక ఫెర్న్ కాడ విరిచి మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, గోటితో గాటు పెట్టి జేబులో వేసుకున్నాడు. రేపు దుంగలు దించినప్పుడు రేవులో గుడ్డ బూట్లు కొంటాడట. ఒసాకాలో గడ్డి చెప్పులతో తిరిగితే నవ్వుతారట. తన కాలి గురించి ఇంతగా ఆలోచించిన మనిషి ఇంతకుముందు లేడని కినుయెకి అనిపించి, ఏడుపొచ్చినంత పనయింది.

అయినా ఆమె మనసులో ఒకటి అడ్డం పడింది. కొండదేవుడి రోజున అడవి దాటడం. అలా దాటిన మనిషి తిరిగి రాలేదని చిన్నప్పటినుంచీ విన్నదే. అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. మాను కొట్టేముందు మానుకొట్టేవాళ్లు కొండదేవుణ్ణి అడిగినట్టే తనూ అడుగుతానని చెప్పింది ఆమె. పదిహేనో తారీకు సాయంత్రం ఇక్కడ, ఈ మానుకే గొడ్డలి ఆనిస్తుంది. తెల్లారేసరికి నిలబడి ఉంటే కొండ ఒప్పుకున్నట్టు, పడిపోతే లేదు.

"పడితే?"

"పడితే నేను రాను. నువ్వు వెళ్లిపో. ఉత్తరం కూడా రాయొద్దు, నేను తట్టుకోలేను."

యోషినారి సిగరెట్టు పెట్టె ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, మా దీవిలో సముద్రాన్ని అడుగుతారు, అది ముంచబోయే ముందు కూడా సరేనంటుంది అన్నాడు. మీ కొండ నయం, ముఖంమీదే చెబుతుంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, సిగరెట్టు పెట్టె ముక్కని మడిచి మడిచి గోరంత చేసేశాడు. చివరికి ఒప్పుకున్నాడు. వంతెన చేరగానే పట్టామీద రాయితో మూడు దెబ్బలు కొడతానన్నాడు. ట్రాలీవాళ్లు ఒకళ్లనొకళ్లు అలాగే పిలుచుకుంటారు. ఇనుము మాటని ఎంతదూరమైనా మోస్తుంది. ఆమె బయలుదేరుతుంటే ఊరి చివర పట్టామీద మూడు కొట్టాలి. అప్పుడు అతను నిశ్చింతగా ఉంటాడు.

పధ్నాలుగో తారీకు నాలుగింటికి, ఉడికించిన చిలగడదుంపలు బుట్టలో వేసుకుని కినుయె కొట్టుడు చోటికి వెళ్లింది. ఇవాకిచి మర్నాటికి మాను ఎంచుతున్నాడు. దారిలో ఒక మంచి దేవదారుకి ఎవరిదో గొడ్డలి ఆనించి ఉంది, పదునున్న వాదర బయటికి. ఇవాకిచి దాన్ని చూసి చుట్టూ తిరిగి పోయాడు. వాదర బయటికి చూస్తుంటే ఆ మాను ఒకరి సొత్తు, చెయ్యి వెయ్యకూడదు. లోపలికి, మానుకేసి చూస్తుంటే ఇంకా అడుగుతున్నట్టు. ఇది మా కొండమీద చంటిపిల్లకి కూడా తెలుసు.

ఆయన ఇంకాస్త పైకెళ్లి ఒక మాను ముందు ఆగి, బెరడు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత వంగి, వెతికి వెతికి ఒక పలకరాయి తెచ్చి, నాచు గీకి నేలలో నొక్కాడు. దానిమీద తన గొడ్డలి పిడి, ఆ కామ చివర ఉంచి, వాదర మానుకేసి తిప్పి ఆనించి, తల వంచాడు. దుంపలు తింటున్న వాళ్లలో ఒకడు ఎప్పటిలాగే ఎగతాళి చేశాడు, ఇవాకిచి గొడ్డలి పడదు, దానికి కింద కాపలావాడున్నాడని.

"అడగడానికి వచ్చినవాడు కాళ్లు తిన్నగా పెట్టుకుని నిలబడితే తప్పేంట్రా?" అన్నాడు ఇవాకిచి.

రాయి పెట్టినా ఆయన గొడ్డలి రెండుసార్లు పడింది. ఆ రెండు మాన్లూ ఇవాళ్టికీ ఉన్నాయి. వాటి పక్కనుంచి పోయేటప్పుడు టోపీ తీస్తాడు. పడిన గొడ్డలిని మళ్లీ నిలబెట్టి ఇంకోసారి అడగడమనేది ఆయన ఎరగడు. అలా చేసిన ఒక మనిషిని పనిలోంచే పంపించేశాడు.

ఆయన బుట్టలోంచి దుంప తీసుకుని, వేడిగా ఉందేమోనని విరిచి, పెద్ద ముక్క కూతురికిచ్చాడు. రోజూ చేసే పనే. ఆ రోజు కినుయె ఆ ముక్కని తినకుండా బుట్టలో వేసేసింది.

పదిహేనో తారీకు మధ్యాహ్నం వంట పని కాగానే, తల్లి వాడిన చిన్న గొడ్డలిని పుల్లల బుట్టలో దాచుకుని వెళ్లింది. తల్లి పోయి ఆరేళ్లయింది. ఆ గొడ్డలితో కినుయె పొయ్యిలోకి పుల్లలు కొడుతుంది, అందుకని తీసినా ఎవరికీ అనుమానం రాదనుకుంది. తొర్ర దేవదారు ముందు కూర్చుని వాదర మానుకేసి తిప్పి ఆనించింది. కింద నేల మెత్తగా ఉంది. రాయి పెట్టాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. పక్కనే ఒకటి ఉంది కూడా. పెట్టలేదు. నాన్న అడిగేది కర్ర కోసం, తను అడిగేది జన్మకోసం. ఇందులో దేవుడి చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించుకోకూడదనిపించింది. నిలబెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఇవాకిచి పండగకి గొడ్డళ్లు కడుగుతున్నాడు. ఆమె కూడా కూర్చుని గుడ్డతో తుడిచింది. తుడిచినవాటిని వరసగా ఇంటి స్తంభానికి ఆనిస్తుంటే, ఆయన వచ్చి ఒక్కొక్కదాన్నే తిప్పి వాదర గదిలోకి ఉండేలా పెట్టాడు. కొండదేవుడి రోజున ఏ వాదరా మానుకేసి చూడకూడదు. స్తంభమూ మానే. ఏడాదికి మూడుసార్లు, ఆమెకి ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన ఇలాగే తిప్పుతాడు. ఆమె మనసు ఇంట్లో లేదు గనక ఆ పూట పొరపాటున అటు పెట్టింది.

"మీ అమ్మదేది?" అన్నాడు.

వంటశాలలో మర్చిపోయానంది. ఆయన ఆమెకేసి ఒకసారి చూసి, గుడ్డ పిండుకున్నాడు. పండగనాడు ఇనుము ఇంటి బయట ఉండకూడదు, వెళ్లి తెచ్చుకో అనాలి నిజానికి. అనలేదు. అన్నం తిని పెందలాడే పడుకున్నాడు.

పదహారో తారీకు తెల్లవారేసరికి ఆయన పక్క ఖాళీగా ఉంది. పెద్ద కాబట్టి గుడి ఊడవడానికి ముందే వెళ్లాడనుకుంది కినుయె. రెండు జతల బట్టలు, తల్లి దువ్వెన, నాలుగు అన్నం ముద్దలు మూట కట్టుకుంది. బియ్యం కడిగి నీళ్లు పోసి పెట్టింది, ఆయన వచ్చి పొయ్యి వెలిగించుకుంటే చాలు. ఎండుచేప కనబడే చోట పెట్టింది. అప్పుడు బయలుదేరింది.

వాన లేదు. రాత్రి గాలి వీచినట్టుంది, దారినిండా కొమ్మలు. తొర్ర దేవదారు ముందున్న చివరి మలుపు తిరిగింది. గొడ్డలి నిలబడే ఉంది.

సంతోషంతో అక్కడే కూర్చుని, దణ్ణం పెట్టుకుని, అప్పుడు తలెత్తి సరిగ్గా చూసింది. కామ కింద పలకరాయి ఉంది. నాచు గీకి, నేలలోకి నొక్కిన రాయి. వాదర బయటికి, తనకేసి చూస్తోంది.

నాన్న వచ్చాడు. ఆ రాయి పెట్టే మనిషి కొండమొత్తానికి ఒక్కడే. ఆయనకి అంతా తెలిసింది. కేకలు వెయ్యలేదు, జుట్టు పట్టుకోలేదు. మానుకి గుర్తు పెట్టినట్టు పెట్టి పోయాడు, ఇది నా సొత్తు, ఎవరూ చెయ్యి వెయ్యకూడదని. ఆ రోజు వంటశాలలో నలభైమంది ముందు అన్నమాటే, ఇవాళ తనొక్కదాని ముందు గొడ్డలితో అన్నాడు.

కోపం వచ్చింది. కోపం వెనకే భయం. తెలిసినవాడు వంతెన దగ్గర మనుషుల్ని పెట్టకుండా ఉంటాడా? నిరుడు ఒక కుర్రాణ్ణి ఇలాంటి గొడవలోనే కాళ్లు విరిగేలా కొట్టారు. తను వెళ్తే యోషినారిని కొడతారు. వెళ్లకపోతే అతను క్షేమంగా పడవ ఎక్కుతాడు. గొడ్డలిని ముట్టుకోకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

ఊరి చివర పట్టా దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. వంగి చెయ్యి వేసింది. ఇనుము చల్లగా ఉంది. కాసేపటికి అరచేతిలోకి వచ్చాయి, మూడు దెబ్బలు. ఆగి, మళ్లీ మూడు. ఆమె ఒక రాయి ఏరుకుంది. రాయి పట్టుకుని పట్టా పక్కన కూర్చుంది. మళ్లీ మూడు. యోషినారి ఎంతసేపు కొట్టాడో చెప్పలేం, ఎండ కొండ దాటి పట్టా మీదకి వచ్చిందాకా కొట్టాడు. ఆ తర్వాత ఇనుము ఊరుకుంది. రాయి ఆమె చేతిలో వెచ్చగా అయిపోయింది.

గుడి దగ్గర ఆడవాళ్లతోపాటు సారా పోస్తూ తండ్రి ముందుకి వచ్చినప్పుడు, ఇవాకిచి గిన్నె చాపడం మర్చిపోయి ఆమె మొహంకేసి చూశాడు. ఆమె కావాలనే చూపు తిప్పుకుంది. గెలిచినవాడి మొహం ఎందుకు చూడాలనుకుంది. ఆ రోజు ఆయన విపరీతంగా తాగాడనీ, ఎన్నడూ పాడనివాడు ఒక పాట పాడాడనీ త్సురు అవ్వ తర్వాత చెప్పింది.

రెండు రోజులు తండ్రీ కూతుళ్లు వాన గురించి తప్ప మాట్లాడుకోలేదు. పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం రేవు నుంచి ఖాళీ ట్రాలీలతో పైకొచ్చిన కొత్త బ్రేకువాడు వంటశాల గుమ్మంలో ఒక జత గుడ్డ బూట్లు ఎత్తి పట్టుకుని, ఇవి ఎవరివో అని అరిచాడు. ఇనప వంతెన కమ్మీకి తాళ్లతో ముడేసి వేలాడుతున్నాయట. తెల్లటివి, కొత్తవి, లోపల వాన నీళ్లు. ఒక బూటులో వాడిపోయిన ఫెర్న్ కాడ ఉంది. అమ్మలక్కలు కాళ్లు పెట్టి చూశారు, ఎవరికీ పట్టలేదు. కినుయె గరిటె కింద పెట్టి, వెళ్లి తీసుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బల్ల దగ్గర ఇవాకిచి చేప తినడం ఆపేశాడు.

ఆ సాయంత్రం కొట్టుడు చోటికి దుంపలు తీసుకెళ్తే, ఆయన మిగతావాళ్లని పంపించేసి కూర్చుని ఉన్నాడు. దుంప తీసుకోలేదు. నేలకేసి చూస్తూ అడిగాడు.

"ఎందుకు వెళ్లలేదు?"

ఆ మాట వినేసరికి కినుయెకి మూడు రోజుల కోపమూ ఒక్కసారి పైకొచ్చింది. నీ సొత్తని గుర్తు పెట్టి పోయి, ఇప్పుడు ఎందుకు వెళ్లలేదని నన్నడుగుతావా అంది. వాదర బయటికి తిప్పి పెట్టావు కదా అంది. నాకు ఆ గుర్తు చదవడం రాదనుకున్నావా అంది.

ఇవాకిచి తలెత్తాడు. ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కూర్చున్నచోటినుంచి లేచాడు.

"పండగ కదే," అన్నాడు. "కొండదేవుడి రోజున మానుకేసి వాదర ఎలా తిప్పుతాను?"

కినుయె చేతిలో బుట్ట అలాగే ఉంది.

ఆయన మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు. చిన్న గొడ్డలి లేకపోవడం చూసి ఆ సాయంత్రమే పోల్చుకున్నాడు. తొర్రలో ఎవరు కూర్చుంటున్నారో ఆయనకి అంతకుముందే తెలుసు, అడవిలో తనకి తెలియకుండా ఎవరు కూర్చుంటారు? కూతురు ఏదో అడగబోతోందని తెలిసింది, ఏమడుగుతుందో కూడా తెలిసింది. వంటశాలలో అన్నమాటకి అప్పటికే సిగ్గుపడుతున్నాడు గానీ, అన్నమాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు. రాత్రి గాలి చప్పుడుకి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే, పండగనాడు, జీవితంలో మొదటిసారి అడవిలో కాలు పెట్టాడు.

"పడిపోయి ఉంది. నేనే లేపి నిలబెట్టాను. కొండ కాదన్నదాన్ని నేను ఒక్కసారే అవునన్నానమ్మా."

రాయి ఎందుకు పెట్టలేదే, పదేళ్లప్పుడే నేర్పాను కదా అన్నాడు. వాదర బయటికి ఎందుకు తిరిగి ఉందో కినుయెకి తట్టి ఉండాల్సింది. ముందురోజు సాయంత్రమే ఆయన స్తంభం దగ్గర ఒక్కొక్కటీ తిప్పి పెడుతుంటే పక్కనే కూర్చుని చూసింది. ఇరవై రెండేళ్లుగా చూస్తోంది.

ఒసాకాలో ఎక్కడో చెప్పాడా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇనుము పోతపోసే కార్ఖానా అని మాత్రం తెలుసంది. ఉత్తరం రాస్తాడులే అన్నాడు ఆయన. రాయడు నాన్నా, నేనే వద్దన్నాను అంది. అతను మాట తప్పే మనిషి కాదని చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతులో గర్వం కూడా వినిపించి, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. ఇవాకిచి ఆమె తలమీద చెయ్యి వెయ్యబోయి, బంక అంటిన చెయ్యి చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

చీకటి పడకముందే మీ అమ్మ గొడ్డలి తెచ్చేసుకో అన్నాడు. తను కూడా వెనకే వచ్చాడు గానీ, మలుపు దగ్గర ఆగి, టోపీ తీసి పట్టుకుని నిలబడిపోయాడు.

రెండు రోజుల వానకీ గాలికీ గొడ్డలి పడలేదు. వాదర బయటికి చూస్తూ అలాగే ఉంది, మీద నీటి బొట్లతో. కినుయె దగ్గరికెళ్లి వంగి చూసింది. పలకరాయి ఒక్కటే కాదు. కామకి అటొకటి ఇటొకటి చిన్నరాళ్లు దూర్చి, మధ్యలో మట్టి కూరి, మడమతో తొక్కాడు. ఆయన ఏ మానుకీ అంత పని చెయ్యగా ఆమె చూడలేదు.

ఒక చేత్తో లాగింది. రాలేదు. బుట్ట కింద పెట్టి రెండు చేతులతో లాగింది.